అవ్వ గులాబీ పువ్వుల అచ్చు

శుక్రవారం

అన్న చేసిన తప్పుకు అవ్వ తన చేతుల్ని తిట్టుకుంటోంది.

ఆమె పిండితో గులాబీ పువ్వులు కాల్చే ఇనుప అచ్చును అన్న, మేము పనిచేసే పాలిష్ ఫ్యాక్టరీకి తీసుకుపోయి, బండల అంచులు రుద్దే మిషనుతో మెరిపించాడు. ఏళ్ల తరబడి నూనె తాగిన నలుపంతా పోయింది. ఆ నలుపు ఉంటేనే పిండి అంటుకోకుండా పువ్వు ఊడి వస్తుంది. అవ్వకు చూపు మందగించింది, ఆ మెరుపు కనపడలేదు.

నేను బండలు మోసి ఇల్లు చేరేసరికి అవ్వ పొయ్యి ముందు అచ్చుకు అతుక్కున్న పిండి గీకుతోంది. ఒక్క పువ్వూ రాలేదట.

"నా చెయ్యి పోయిందప్పా. ఈ ఆదివారం చర్చికి ఏమీ పంపను. ఇంగ నాతో కాదు."

పక్కనే అన్నం తింటున్న అన్న, "శానా వయసైపోయె గదవ్వా, ఇడిసిపెట్టు" అన్నాడు!

అచ్చు మెరుపు చూడగానే నాకు అర్థమైంది. అన్నను బయటికి పిలిచి నిలదీశాను.

"మంచికే చేసినా గదప్పా. చెప్తే తిడ్తాది."

"తిట్టనీ. చెప్తే నీ నోట్లోంచి ముత్యాలేమన్నా రాలిపోతాయా?"

లోపలికి పోయి మళ్లీ అన్నం ముందు కూర్చున్నాడు. అరవడానికి నాకూ ఓపిక లేదు, నడుము విరిగిపోతోంది.

చిన్నప్పుడు విరిగిన పువ్వులన్నీ మా ఇద్దరికే. విరగకపోతే అవ్వే కావాలని విరిచి ఇచ్చేది. అన్నకు అదన్నా గుర్తుందో లేదో...

అన్నా, ఇది నువ్వు చదవాలనే రాస్తున్నా: అచ్చు పాడు చేసింది నువ్వేనని అవ్వ ముందు కూర్చొని చెప్పు. చెప్తావో లేదో రేపు పొద్దున టీ తాగేలోపు నాకు తెలియాలి.