పాత పేర్లు వదిలేయనివ్వను

మంగళవారం, ప్రొద్దుటూరు.

నాకు రాయడం రాదు, చెబుతుంటే మనవరాలు పద్మ రాస్తోంది. వాళ్ల కంపెనీ సాఫ్ట్‌వేర్ కోడంతా గిట్ అనే కొత్త పద్ధతిలోకి మారుస్తోంది. ఏ మార్పు ఎవరు, ఎందుకు చేశారో చెప్పే పాత చరిత్రంతా వదిలేయమని ఈరోజు మేనేజరు ఫోన్ చేశాడు. అందులో పద్మ ఆరేళ్ల కష్టం ఉంది. అయినా సరేనంది. ఫోన్ లాక్కున్నాను.

"ఏమప్పా, మా చేను కంప్యూటర్లో ఎక్కించినోడు పాత పేర్లు వదిలేసినాడు. అది నాదని చూపించేకి మూడేండ్లు జమ్మలమడుగు ఆఫీసు చుట్టూ తిరిగినా. నువ్వూ అదే పని చేస్తాండావా?"

"పాత చరిత్రంతా తేవాలంటే చాలా రోజులు పడుతుందవ్వా!"

"పట్టనీ. రేపు తప్పొస్తే ఎవర్ని అడుగుతావు?"

ఆలోచిస్తానన్నాడు. పద్మ ఉద్యోగానికేమైనా అవుతుందేమోనని నాకూ బెదురుంది. "ఈ గొడవ రాయొద్దులే అవ్వా" అంటోంది. రాయమన్నాను, అడిగింది నేనేనని నా పేరుతో సహా.