బెంచీ మీద రాసిన నెల రోజులు

ఆదివారం, మార్చి 9

పూజ్యురాలైన అమ్మకి,

నీ కూతురు నమస్కరించి రాసేది. నేనిక్కడ క్షేమం. నువ్వు క్షేమమేనా అని అడగను. అడిగితే నాకేం, గుండ్రాయిలా ఉన్నానంటావు. ఇరవయ్యో తేదీన నువ్వు డాక్టరుగారికి చూపించుకోవాలి కదా. మాత్రలన్నీ వేసుకుంటున్నా బీపీ దిగడం లేదు కాబట్టి ఈసారి మోతాదు రెట్టింపు చేస్తానన్నారని నాన్న చెప్పాడు. అది విన్నప్పటి నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడడం లేదు. ఫోన్లో చెప్పబోతే మధ్యలోనే నా నోరు మూయిస్తావు. అందుకే ఉత్తరం.

లెక్కలు చదివిన పిల్లకి ఈ ఆరోగ్య మనస్తత్వశాస్త్రంలో పరిశోధన ఏమిటి, పలకడానికే నోరు తిరగడం లేదు, అని రెండేళ్ళుగా దెప్పుతున్నావు. నీతో డ్యూటీ చేసే బస్సు డ్రైవరు అడిగితే ఏదో డాక్టరు చదువని చెప్పి తప్పించుకున్నావట! ఎందుకు మారానో ఇవాళ చెబుతాను.

లెక్కలు చదివే రోజుల్లో మా యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం ప్రొఫెసరు మేడమ్‌కి ఒక ఆసుపత్రి నుంచి రోగుల డైరీలు వచ్చేవి. మాత్ర వేసుకున్న రోజు టిక్కు పెట్టి, బీపీయో షుగరో రాసుకునే చిన్న పుస్తకాలు, నీ దగ్గరున్నదానిలాంటివే. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. నూటికి తొంభై నాలుగు గళ్ళలో టిక్కులు. ఎంత బుద్ధిమంతులో అనుకుని మురిసిపోయాను.

ఒకరోజు ఏదో పనిమీద అదే ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు గది బయట పొడుగాటి బెంచీలు. వాటి మీద పది పదిహేను మంది తలలు వంచుకుని గబగబా రాసేస్తున్నారు, పరీక్షలో ఆఖరి పది నిమిషాల్లో రాసినట్టు. చూద్దును కదా, డైరీలు! నెల రోజుల టిక్కులు ఒక్క ఊపులో పెట్టేస్తున్నారు. ఒక పెద్దావిడ పక్కావిడకి, అన్నీ ఒకేలా వేస్తే పట్టుకుంటారమ్మా, మధ్యలో కాస్త ఎక్కువది ఒకటి పడెయ్యి, అని సలహా ఇస్తోంది. ఇంకొకాయన రోజూ రాసినట్టు కనబడాలని రెండు రంగుల పెన్నులు తెచ్చుకున్నాడు. నాకు నవ్వాగలేదు. ఇంతలో నర్సు తలుపు తీసింది. అందరూ పుస్తకాలు మూసేసి చేతులు కట్టుకున్నారు. అప్పుడు మాత్రం నా నవ్వు ఆగిపోయింది. బడిపిల్లలు కారమ్మా, మనవల్ని ఎత్తినవాళ్ళు! తమ ఒంటి గురించి తామే ఇంత శ్రద్ధగా అబద్ధం రాసుకుంటున్నారు. నేను ఎక్కించిన వేల అంకెలు పుట్టింది ఈ బెంచీ మీద. ఇంత పెద్ద సంగతి అందరి కళ్ళెదుటే జరుగుతుంటే ఇన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదేమిటని నోరెళ్ళబెట్టాను.

మర్నాడే వెళ్ళి మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ముందున్న డైరీల కట్టని పక్కకి నెట్టేశారు. తర్వాత, మాత్ర ఎవరు మింగలేదో వెతకడం మానెయ్, మింగలేదన్న మాట ఎవరితో చెప్పలేకపోతున్నారో కనుక్కో, అన్నారు. అదే నా పరిశోధన అయింది.

మొదట కలిసింది ఒక క్రేన్ ఆపరేటర్‌ని. డైరీలో ఒక్క టిక్కు తప్పలేదు. దాన్ని పక్కన పెట్టి, ఏ రోజు మాత్ర వేసుకోవడం కష్టమవుతుందండీ అని అడిగాను. అంతే, ఆయన తల దించుకున్నాడు. ఆ బీపీ మాత్ర వేసుకుంటే మాటిమాటికీ బాత్రూముకి వెళ్ళాలట. క్రేన్ పైనుంచి దిగడానికి ఇరవై నిమిషాలు, ఎక్కడానికి అరగంట. అందుకని డ్యూటీ రోజుల్లో మానేస్తాడు. డైరీని నమ్మి డాక్టరు మోతాదు పెంచారు. సెలవు రోజు బుద్ధిగా ఆ పెద్ద మోతాదు వేసుకుని, కళ్ళు తిరిగి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ముందే చెప్పొచ్చుగా అంటే, అంత చదివినాయనకి మన బాత్రూము గొడవ ఏం చెప్తామమ్మా, అన్నాడు. చివరికి డాక్టరుగారికే చెప్పాడు. డాక్టరు అక్కడికక్కడే వేరే మాత్ర రాసిచ్చారు. రెండేళ్ళ అవస్థ, ఒక్క నిమిషంలో తేలిపోయింది! ఆ సాయంత్రం నడిచి వస్తూ ఎదురైన ప్రతి మనిషినీ వింతగా చూశాను. ఎవరి లోపల ఎవరూ అడగని సంగతి ఏముందో కదా అనిపించింది. ఇప్పటికీ ఆ ఆశ్చర్యం నన్ను వదల్లేదు.

అమ్మా, నీది ఇరవై ఏళ్ళుగా కండక్టరు ఉద్యోగం. దూరపు రూటు, బస్సు మధ్యలో ఎక్కడా ఆగదు. నీ డైరీలో కూడా ఒక్క టిక్కు తప్పలేదని నాన్న గొప్పగా చెప్పాడు. నేనేమీ అనడం లేదు. నిన్ను తిట్టడానికి నేనెవర్ని? డ్యూటీ రోజు ఏం చేస్తున్నావో ఇరవయ్యో తేదీ లోపల నాకో, డాక్టరుగారికో ఒక్క మాట చెప్పు. నిజం తెలియకుండా ఆ రెట్టింపు మోతాదు నీ ఒంట్లోకి పోకూడదు. నాకు చాలా భయంగా ఉంది.

నాన్నకి నమస్కారాలు. కోపం వస్తే నన్ను తిట్టు కానీ ఉత్తరం చింపకు.

ఇట్లు,
నీ నోటి ముందు ఏనాడూ గెలవని
నీ కూతురు

తా.క.: కవరు అంటించాక మళ్ళీ చింపాను. నిన్ను నిజం చెప్పమని, నేను దాచుకోవడం సిగ్గుగా ఉంది. ఆ రోజు ఆసుపత్రికి వెళ్ళింది నాకు చూపించుకోవడానికే. నాకు షుగరు వచ్చి మూడేళ్ళయింది, రోజూ ఇంజెక్షన్లు చేసుకోవాలి. తెలిస్తే చదువు మాన్పించి ఇంటికి రమ్మంటావని చెప్పలేదు. నేను నిలబడి చూడలేదమ్మా, ఆ బెంచీ మీదే కూర్చుని అందరితోపాటు నెల రోజుల అంకెలు రాశాను. ఇవాళ పొద్దున పరగడుపున నా షుగరు రెండు వందల పన్నెండు. ఇది మీటరులో చూసి రాసిన అంకె.