మేనకోడలి పసుపు టోపీ

ప్రియమైన అక్కకి,

వారం నుంచి వాన విడవలేదు. పళ్ళ లారీలన్నీ తడిసి ముద్దయి వస్తున్నాయి. ఇవాళ పొద్దుటినుంచీ కడగడానికీ, కుళ్ళినవి ఏరడానికే సరిపోయింది. రసం తీసే మిషన్లు మధ్యాహ్నం దాకా ఖాళీగానే ఉన్నాయి.

నీ కూతురు క్షేమం. కానీ నాతో మాట్లాడడం లేదు. ఎందుకో అది నీకు రాయదు కనుక నేనే రాస్తున్నాను. మా ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళకి పసుపు టోపీ ఇస్తారు. ఆ టోపీ ఉన్నంతకాలం పళ్ళు ఏరడమే, మిషను ముట్టుకోనివ్వరు. షిఫ్టు చూసేవాణ్ణి కనుక, ఫలానావాళ్ళు పనికొస్తారని నేను మేనేజరుకి చెబితే తెల్లటోపీ ఇచ్చి మిషను పని నేర్పుతారు. నీ కూతురి తర్వాత చేరినవాళ్ళ గురించి కూడా చెప్పాను. దాని గురించి మాత్రం చెప్పలేదు. సొంతవాళ్ళని పైకి తోస్తున్నాడని నలుగురూ అంటారేమోనని.

నిన్న టీ దగ్గర అందరి ముందూ అనేసింది: "వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా పర్లేదంటారు. మా మామయ్య వడ్డనలో నాకు విస్తరే పడలేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

పని మానేసి ఇంటికి వచ్చేస్తానంటోందట. మూతలు బిగించే మిషను దగ్గర ఉండే దాని స్నేహితురాలు చెప్పింది. ఆగమని నువ్వొక మాట రాయి. సోమవారం మేనేజరుతో నేనే మాట్లాడతాను.

నీ తమ్ముడు

*

అక్కా,

అన్నట్టుగానే సోమవారం మేనేజరు గదికి వెళ్ళి, అమ్మాయికి మిషను పని నేర్పించమని అడిగాను. ఆయన నావంక వింతగా చూశాడు.

"ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా? సొంత మామే నోరు మెదపడం లేదంటే ఆ పిల్లలో ఏదో లోపం ఉందనుకున్నాను. లైన్లో అందరూ అదే అనుకుంటున్నారు."

"లోపం ఏమీ లేదండీ."

"ఆ ముక్క ముందే చెప్పడానికి నీకేం నొప్పి?"

మాట నా మీద పడకూడదని చూసుకున్నాను. అది పిల్ల మీద పడింది.

తెల్లటోపీ అప్పటికప్పుడే ఇప్పించాడు. తీసుకెళ్ళి ఇచ్చాను. అది చేతులు ఆపకుండా పళ్ళు ఏరుతూనే ఉంది.

"మంచిదో కుళ్ళిందో నేను చేత్తో పట్టుకోగానే చెప్పేస్తాను మామయ్యా. నన్ను తేల్చడానికి నీకు ఇన్నాళ్ళు పట్టిందా?"

"తప్పు నాదేనే. ఉండిపో."

"కోపం లేదులే. నువ్వు తిట్టినా ఉండేదాన్నేమో, అసలు లెక్కలోకే తీసుకోకపోతే ఎలా ఉండను?" అంది.

టోపీ తీసుకోలేదు. షిఫ్టు అయ్యేదాకా పనిచేసి, ఏప్రను ఉతికి ఆరేసి మరీ వెళ్ళింది. మీ దగ్గరికి రావడం లేదట. బిస్కెట్ల ఫ్యాక్టరీలో పని చూసుకుంది. అక్కడ మనవాళ్ళెవరూ లేరని ముందే కనుక్కుందట.

మంగళవారం పొద్దున మొదటి బస్సుకి వెళ్ళింది. మూతల మిషను పిల్ల కూడా దాంతోనే వెళ్ళిపోయింది.

తమ్ముడు