ఫెలోషిప్ కాగితాల మీద నా వేలిముద్ర

బుడ్డీ,

పాలు కాచి మూత పెట్టాను, తాగి వెళ్ళు. నీ ఫెలోషిప్ కాగితాలు ఫ్రిజ్ మీద ఉన్నాయి. ఇవాళే ఆఖరి రోజన్నావు, మర్చిపోయేవు. ఫొటో కూడా అంటించేశాను.

రెండేళ్ళు ఊళ్ళు పట్టుకుని తిరుగుతూ జనం కోసం పనిచెయ్యడానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నట్టు సంతకం కావాలన్నావు కదా. పెడదామని తీస్తే నువ్వు రాసిన వ్యాసం కంటబడింది. "చదువురాని మా అమ్మలాంటి వాళ్ళ కోసమే ఈ పనిలోకి రావాలనుకుంటున్నాను" అని రాశావు. మూడుసార్లు చదివాను. ఏడో తరగతి పాసయ్యానే తల్లీ. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్ల మూటల మీద వార్డుల పేర్లు రాసేది నేనేగా. నీ చెయ్యి పట్టుకుని అ ఆలు దిద్దించింది ఎవరనుకున్నావు?

అలా రాస్తేనే తీసుకుంటారేమో, నాకేం తెలుసు. నిన్ను లేపి పోట్లాడదామంటే బస్సు టైమైపోతోంది. నేను సంతకం పెడితే నువ్వు రాసింది అబద్ధమని తేలిపోతుంది. పెట్టకపోతే కాగితం చెల్లదు. పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఇంకేం చెయ్యను? ఆ పెన్నే బొటనవేలికి రుద్దుకుని వేలిముద్ర వేశాను. కాస్త అలుక్కుపోయింది, ఏమీ అనుకోకు.

మబ్బు పట్టింది, గొడుగు తీసుకెళ్ళు.

అమ్మ

ఈ చీటీ ఆ కాగితాల్లో కలవనియ్యకు. చదవగానే చింపెయ్. నా దస్తూరి వాళ్ళ కంటబడకూడదు.