చదువుకు సెలవు దొరికింది

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ కాలు నొప్పి తగ్గి నడుస్తున్నారని వదిన ఫోన్లో చెప్పింది. మీరు మా వార్డులో ఉన్నన్నాళ్లూ మీ మంచం దగ్గరికి అందరికంటే చివర వచ్చాను. ముగ్గురు నర్సుల పని ఒక్కదాన్నే చేస్తూ, పరాయివాళ్లను ఆగమనలేక మిమ్మల్ని ఆపాను. మీరు మనసు కష్టపెట్టుకుని, మా ఇంటికి రాకుండా వదిన ఇంటికి వెళ్లారనుకున్నాను. తర్వాత మీ పక్క మంచం ముసలమ్మ చెప్పింది: "'నా కోడలికి నీళ్లు తాగే తీరిక కూడా లేదు, చిక్కి సగమైంది' అని మీ అత్త ఒకటే బాధపడింది తల్లీ." మందుల గదిలోకి వెళ్లి కాసేపు ఏడ్చాను.

పైచదువుకు సీటు వచ్చినా, "నిన్ను పంపితే వార్డు ఎవరు చూస్తారమ్మా?" అని మా పెద్ద డాక్టరుగారు రెండేళ్లుగా ఆపుతున్నారు. విసిగి ఉద్యోగమే మానేద్దామనుకున్నాను. ఈసారి తోటి నర్సులు నా డ్యూటీలు పంచుకుంటామని ఆయన ముందు నిలబడ్డారు. సెలవు దొరికింది. ఏడాదిపాటు హాస్టల్లో ఉండాలి.

మీరు వచ్చి పాపను చూసుకుంటారా? మీ అబ్బాయి "నేను లేనా?" అంటున్నారు గానీ, ఆయన వేసిన జడ బడి గేటు దాకా కూడా నిలవదు.

మా అమ్మ లేదు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నానని అనుకోకండి. ఆమె ఉన్నా మిమ్మల్నే అడిగేదాన్ని.

మీ కోడలు