పసుపు కింద అంకెలు

సూళ్లూరుపేట,
బుధవారం.

అమ్మకు దండం పెట్టి స్వర్ణ రాసేది. ఇక్కడ నేను, నీ అల్లుడు మస్తాన్, మన పడవ ముగ్గురమూ క్షేమం. పోర్ట్ బ్లెయిర్‌లో నువ్వూ తమ్ముడూ మరదలు దుర్గా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. ఫోన్‌లో సగం వినపడక నువ్వు అరుస్తావు, నేను అంతకంటే గట్టిగా అరుస్తాను. అందుకే ఉత్తరం. దుర్గ చేత మెల్లగా చదివించుకో.

"ఆ తుక్కును బాగుచేసి ఏం సాధిస్తావు" అని అడిగావు. తుక్కు కాదమ్మా. మనవాళ్లు వలలు చిరుగుతాయని తప్పించుకుపోయే ఇనుప మిట్ట, పోయిన ఎండాకాలం పులికాట్‌లో నీళ్లు తగ్గినప్పుడు బయటపడింది కదా, అది ఎనభై ఏళ్ల కిందటి యుద్ధ విమానం. నీళ్ల మీద దిగే రకం. ఒక రెక్క, ఒక ఇంజను, సగం పొట్ట మిగిలాయి. పడవ ఇంజన్లు విప్పేదాన్ని విమానం దగ్గరికి రానిస్తారా అని నువ్వు నవ్వావు. రానివ్వడమేమిటి, ఎవరికీ లొంగని నట్లన్నీ నేనే వదిలించాను. వేడి చేసి, నూనె పోసి, ఒక రోజంతా దాని జోలికి పోకూడదు. ఉప్పునీళ్లకు పట్టేసిన నట్టుతో తొందరపడితే తల తెగి చేతికొస్తుంది. విమానం బాగుచేసే షెడ్డుకు పెద్ద కిషోర్ బాబు గారు ఇప్పుడు నన్ను అడగకుండా స్పానర్ ముట్టుకోరు. గొప్పలు కాదు, నిజం. సరే, కొంచెం గొప్పలే.

ఒక్కటే చిక్కు వచ్చిపడింది. అది ఏ విమానమో తెలియలేదు. అంకెలన్నీ ఉప్పు తినేసింది. ఇంగ్లండులో క్యాథరిన్ అని ఎనభై దాటిన ఒకావిడ, అది తన తండ్రి నడిపిన విమానమేమోనని ఎదురుచూస్తోంది. ఆయన పోయేనాటికి ఆమె పాలు తాగే బిడ్డ. అంకెల పలక ఎలా ఉంటుందో కిషోర్ బాబు గారు బొమ్మ చూపించారు. అరచేతంత ఇత్తడి, నాలుగు మూలలా మరమేకుల రంధ్రాలు. చూడగానే గుర్తుపట్టాను.

ఇక నువ్వడిగిన ఆఖరి మాట: "శుక్రవారం పలకకు పసుపు పెడుతున్నావా?" ఇన్ని కబుర్లు చెప్పి దీన్ని వెనక్కు నెట్టింది భయంతోనే. అమ్మా, పలక పడవ మీద లేదు. పది రోజుల కిందట నేనే విప్పాను.

మిట్ట దగ్గర తాత వలకు దొరికి, అమ్మోరని పడవ ముక్కుకు బిగించిన పలక అది. నాన్న ఆ రోజు మన పడవ వదిలి మునెయ్య పడవలో చేపల వేటకు పోయాడు, తిరిగి రాలేదు. పలక తోడుంటే వచ్చేవాడని నువ్వు నమ్ముతావు. అది తెలిసీ విప్పాను. మస్తాన్ పది రోజులుగా పలక లేకుండానే వేటకు పోతున్నాడు.

"నాకేం భయంలేదుమే. అత్తకు మాత్రం చెప్పకుండా ఉండబాకు," అన్నాడు.

పసుపు పొరలను గోరువెచ్చని నూనెతో నానబెట్టి గుడ్డతో తీశాను. కింద అంకెలు నిన్న కొట్టినట్టున్నాయి. "చింతపండుతో తోమితే అమ్మోరి కళ పోతాది," అని నువ్వు ఎవరినీ తోమనివ్వలేదు చూడు, తోమి ఉంటే అవి ఏనాడో అరిగిపోయేవి. నీ నూనె, నీ పసుపే ఉప్పుగాలిని ఆపాయి. అంకెలు పాత రికార్డులతో సరిపోయాయి, ఆ విమానం క్యాథరిన్ గారి నాన్నదే.

మొన్న ఆమె వచ్చింది. పలక చేతిలో పెట్టాను. ఏడవలేదు. వేలికంటిన పసుపు చూసి ఇదేమిటని అడిగింది. మా అమ్మ నలభై ఏళ్లు ప్రతి శుక్రవారం పూజ చేసిందని చెప్పించాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ఏదో అంది.

"వాళ్ల నాయనకు ఆ నీళ్లకాడ ఎవురూ లేరనుకున్నిందంట," అన్నారు కిషోర్ బాబు గారు.

అప్పుడు ఏడ్చింది నేను.

పలకను ఆమె తీసుకుపోలేదు. మీ అమ్మది, ఆమెనే అడగమంది. విమానానికి బిగించమంటావా, పడవకా? రెండుచోట్లా రంధ్రాలు శుభ్రం చేసి ఉంచాను. నువ్వు ఎటు చెబితే అటు.

నాన్న పోయిన పడవ చెక్క ఏ ఒడ్డుకో కొట్టుకుపోయి ఎవరికో దొరికే ఉంటుంది. వాళ్లూ దానికి పసుపు పెడుతున్నారనే అనుకుంటున్నానమ్మా.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న కూతురు,
స్వర్ణ