సీలు తీసిన ఆటపెట్టెలు

జూన్ 9
మళ్ళీ అదే. పొద్దుట్నుంచి షాపులో ఒక్క పెట్టె కదల్లేదు. టీవీకి తగిలించి ఆడుకునే విదేశీ ఆటపెట్టెలు... అద్దాల బీరువాలో వరసగా కూర్చుని నన్నే చూస్తున్నాయి. పెళ్ళిచూపులకొచ్చి కాఫీ అందని చుట్టాల్లా.

జూన్ 11
కశింకోట నుంచి భార్యాభర్తలు. ఆడి చూపించాను. ఆయన ముచ్చటపడ్డాడు. ఆవిడ ఒకటే అడిగింది. "ఈయన దీంతో కూకుంటే నా సీరియల్ ఎందులో సూడాల?" ఇంట్లో టీవీ ఒకటే. ఆయన నావైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

జూన్ 12
"ఫోన్లో ఆటలు ఊరికే వత్తన్నాయి గదా మాస్టారూ" అన్నాడు బేరానికొచ్చిన కుర్రాడు. నిజమే. పెట్టె కొన్నాక ఆటలు విడిగా కొనాలన్నాను. గేదెని కొన్నాక పాలు కూడా కొనుక్కోమన్నట్టు చూశాడు.

జూన్ 14
చేపల వేట నిషేధం ఈరోజుతో సరి. సన్యాసి పూడిమడక వెళ్ళాడు, ఊరికే చూడ్డానికి. షాపులో సగం వాటా వాడిది. నా మాట మీద పడవ అమ్మి ఆ డబ్బు ఇందులో పెట్టాడు. కొన్నవాడు మంచివాడే. "నేను రంగేసీలోపు డబ్బులు తెత్తే నీ పడవ నీకే" అన్నాడట. ఆ కొన్నవాడికి ఆకుపచ్చంటే ఇష్టమట. పడవ మీద ఇంకా సన్యాసి వాళ్ళమ్మ పేరే ఉంది, వాడి చేత్తో రాసిన తెల్లక్షరాలు.

జూన్ 17
పెట్టెలు వెనక్కి తీసుకోమని విశాఖ డీలరుకి ఫోను. "సీలుందా?" అన్నాడు.

లేదు. సరుకు దిగిన రోజే సన్యాసీ నేనూ కూర్చుని సీళ్ళన్నీ కోసేశాం. ఏళ్ళ తరబడి బెల్లం మార్కెట్లో పనిచేసినవాణ్ణి. అక్కడ దిమ్మ గిల్లి, నోట్లో వేసుకుని చూడందే ఎవరూ ధర చెప్పరు. మూసిన సరుకంటే అనుమానం. తెరిచి చూపిస్తే నమ్ముతారనుకున్నాం.

"సీలు పోతే పాత సరుకే" — ఫోను పెట్టేశాడు.

జూన్ 18
సన్యాసికి చెప్పాను. నవ్వాడు. "అదే బెల్లమైతే ఇంటికి అట్టుకెల్లి తినీసేవోలం గదా బావా."

జూన్ 21
ఎలమంచిలి హోటలాయన వచ్చాడు. వచ్చేపోయేవాళ్ళు ఆడుకోడానికి అన్నీ కలిపి తీసుకుంటాడేమో.
"పాడైతే ఎవులు బాగుసేత్తారు?"
బెంగుళూరు పంపాలన్నాను.
"మా గ్రైండరు పాడైతే మెయిన్‌రోడ్డుకెల్తే సాలు. దీనికి రైలెక్కాలేటి?" రేపు చెప్తానన్నాడు. సన్యాసి టీ తెప్పించాడు, రెండుసార్లు.

జూన్ 22
రాలేదు.

జూన్ 24
సన్యాసి పొద్దున్నే పూడిమడక వెళ్ళి ఇప్పుడే వచ్చాడు. లోపలికి రాకుండా మెట్ల మీద కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ రంగు. పడవ కొన్నవాడు కూలికి పిలిచాడా, వేరేవాడు వెయ్యడం చూడలేక తనే అడిగి బ్రష్ పట్టాడా... అడగాలి. ఎలా అడగాలి —

"బావా, ఓపాలి బయటికి రా."

హోటలాయన ఇంకా రావచ్చని చెబుదామనే లేస్తున్నాను, కానీ వాడి చేతులు చూస్తూ ఆ మాట అనలేను.